సోమవారం బిడ్డ

ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే
గెజీనెకు మాట సన్నగిల్లుతుంది.
కోసిన ఆపిల్ ముక్కలు పళ్ళెంలోనే నల్లబడతాయి.
చెప్పుల జత తీసుకెళ్ళి
గుమ్మం వైపు తిప్పి పెడుతుంది.
ఎక్కడికీ వెళ్ళేది లేదు.
యాభై ఏడేళ్ళ మనిషి,
పైగా సోమవారం ఆమెకు సెలవు.

పెళ్ళైన కొత్తలో అడిగేవాణ్ణి,
నా మీద కోపమా?
కాసేపాగి మళ్ళీ అడిగేవాణ్ణి.
స్నానాల గది తలుపుకు చెవి ఆనించి మూడోసారి.
ప్రశ్న ప్రశ్నకీ ఆమె ఒక గది అవతలికి జరిగేది.
మా ఇంట్లో ఉన్నవి మూడే గదులు.

నా సంగతీ చెప్పాలి.
నాన్న వెళ్ళిపోయిన చలికాలం నుంచి
అమ్మ నన్ను తన పక్కలోనే పడుకోబెట్టుకుంది,
పన్నెండో ఏడు దాకా.
నిద్రలో అటు ఒత్తిగిలితే చాలు,
"ఎక్కార్ట్, ఉన్నావా?" అనేది.
ఉన్నానని చెప్పడమే నాకు తెలిసిన ప్రేమ.
ఎదుటి మనిషి చెప్పకపోతే
లోపల ఏదో పట్టాలు తప్పుతుంది.
హాలె ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళుగా ట్రాము నడుపుతున్నాను,
అది మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

వాళ్ళమ్మ రోజ్విథా రసాయనాల ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల మనిషి.
ఆ దేశం ఇప్పుడు లేదు.
ఉన్నప్పుడు అందులో
వారానికి సరిపడా బిడ్డల్ని ఉంచుకునే శిశుశాలలుండేవి.
సోమవారం తెల్లవారకముందే అప్పగింత,
శుక్రవారం సాయంత్రం మళ్ళీ ఒడి.
ఎవరూ తప్పనుకోలేదు.
ఫ్యాక్టరీ కూత వేస్తే తల్లులు పరుగెత్తేవారు, అంతే.

ఆవిడ పోయాక సొరుగులో,
గుండీల డబ్బా కింద, బూడిదరంగు కార్డు దొరికింది.
ఆయా దస్తూరీ, ఊదా సిరా.
మొదటి వారం: గుక్కపట్టి ఏడ్చింది. పాలు కక్కింది.
రెండో వారం: రాత్రిళ్ళు మాత్రమే ఏడ్చింది.
మూడో వారం: ఏడవడం మానేసింది. చక్కగా అలవాటు పడింది.
"చక్కగా" కింద గీత.

"చూశావా, నేను బుద్ధిమంతురాలిని" అంది గెజీనె.
నవ్వింది.
ఆ తర్వాత ఇంట్లో ఉన్న కర్టెన్లన్నీ దించి ఉతికింది.

ఆ రోజే నాకంతా అర్థమైందని చెప్పను.
మర్నాడు డిపో నుంచి ఐదుసార్లు ఫోన్ చేశాను.
ఐదుసార్లూ ఎత్తలేదు.
రాత్రి సూపు పోస్తూ,
నా వైపు కాక గరిటె వైపు చూస్తూ అంది:
"నువ్వు పిలిచినప్పుడల్లా
ఎవరో నన్ను ఎత్తుకుని
మళ్ళీ దించేసి పోతున్నట్టుంటుంది.
ఫోన్ చెయ్యకు.
ఇటు వెళ్ళేటప్పుడు గంట కొట్టు. ఒక్కసారి.
తిరిగొస్తావుగా,
అప్పుడు ఇంకోసారి."

కొడుతున్నాను.
కొట్టడం తేలికే, కొట్టి ఊరుకోవడం ఉందే,
తర్వాతి స్టాపు దాకా వేళ్ళు మీట మీదే తచ్చాడతాయి.
కిటికీలో ఎవరూ ఉండరు.
తెర కదిలిందా, గాలా అని తేల్చుకునేలోపు
మలుపు వచ్చేస్తుంది.
ముందు సీటు పెద్దాయన ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు,
"పట్టాల మీద పిల్లి కూడా లేదు, గంట ఎవరికయ్యా?"
ఒక చంటిదానికి, అన్నాను.
వయసెంతని అడగలేదు ఆయన.

నిన్న ఆదివారం.
చెప్పులు మామూలుగానే గుమ్మం వైపు.
నా బూట్లు తెచ్చి వాటి పక్కన పెట్టాను,
ముక్కులు ఇంటి లోపలికి.
చూసింది. ఏమీ అనలేదు.
ఆపిల్ ముక్క ఒకటి మాత్రం తిన్నట్టుంది.

చీకటి పడ్డాక వంటింట్లోంచి,
కుళాయి చప్పుడులో సగం మునిగి,
"ఎక్కార్ట్, ఉన్నావా?"

నోటి నిండా జవాబులు వచ్చాయి.
ఉన్నానని
ఒక్కసారే చెప్పాను.